గుండు టైర్లు

నార్కట్‌పల్లి దాటినంక, కట్టంగూరు రాకముందు
తొమ్మిదో నంబరు రోడ్డు వారన
జానయ్య మామ రీబటన్ షాపు.
అరిగిన టైరుకు కొత్త రబ్బరు కప్పి
ఆవిరి గుండంల ఉడకబెట్టి
ఇంకో వానకాలం దాకా పానం పోసేటోడు.
గుండు టైరు కండ్లవడితే మాత్రం
స్టీరింగు మీది మనిషిని కిందికి దింపి
"నువ్వు అరగదీసేది రబ్బరు కాదుర,
నీ పెండ్లాం మెడల పుస్తె" అనేటోడు.

తొంభై మూడుల పక్క దాబా మీద
గొడుగు తిరగేసినట్టు అంటెన్నా లేసింది.
ఆదివారం, అయిదున్నర.
కందిరీగల తుట్టె కదిలినట్టు మోత.
మామ చాయ్ గ్లాసుతోనే టీవీ కాడికి పోయి
తెర మీద వేలు పెట్టి చూసిండు.
ఒక్క గీత లేదు, ఒక్క గాడి లేదు.
"అన్నీ గుండు టైర్లే! వీళ్ల ఓనరెవడ్ర?"

ఆ తిట్టుతోనే దోస్తానా మొదలు.

ఏడు సెకండ్లల నాలుగు చక్రాలు మారుస్తరని చూసినంక
మాకు నిద్ర లేదు.
నేను జాకీ, లింగస్వామి బోల్టులు,
మస్తాను పాత చక్రం, కోటయ్య కొత్త చక్రం.
కట్టెకు అట్ట కొట్టి
ఒక దిక్కు "ఆగు", ఒక దిక్కు "ఫో" అని
ఎర్ర పెయింటుతోటి రాసి మామ ముంగట నిలవడ్డడు.
సిమెంటు లారీకి వెనక జంట చక్రం:
పదకొండు నిమిషాలు.
గుంటూరు డ్రైవరు మిర్చి బజ్జీ నములుకుంట
ఇంత తొందరేందని అనుమానపడి
బోల్టులన్నీ మల్ల తనే బిగించుకున్నడు.

తొంభై నాలుగు, మే ఒకటి.
పొద్దుగాల నక్రేకల్ల ర్యాలీ.
మామ అందరి కంటే ముంగట, జెండా భుజం మీద.
సాయంత్రం దాబాల అదే ఎర్రంగితోటి కూసున్నడు.
ఆయన మెచ్చినోని పేరు ఆయనకు నోరు తిరగది,
పసుపు టోపీ అనేటోడు.
మూల తిరగాల్సిన కాడ బండి తిరగలే.
నేరుగ పోయింది, గోడకు.
ఎర్రజెండా ఊపిండ్రు.
అన్ని బండ్లు ఆగినయి.
"పొద్దుగాల నేను ఊపింది గా రంగే గదర" అన్నడు మామ,
"అది పట్టుకొని ఆగకుంట నడిచినం."
ఇంకేమనలే.
రాత్రి పదింటికి కబురొచ్చింది.
లాంతరు పట్టుకొని, ఆగి ఉన్న లారీల టైర్లన్నీ
ఒక్కొక్కటి చేతితోటి తడిమి చూసిండు.
డ్రైవర్లు నిద్రల్లనే తిట్టిండ్రు.

మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన ఎముకలు.
తొంభై ఆరుకు మోకాలు వంగుడు బందయింది,
తొంభై ఏడుకు మెడ.
పక్కకు చూడాల్నంటే మనిషి మొత్తం తిరగాలె.
టైర్ల కుప్ప మీద కూసుండి
చేతి గడియారం కండ్ల ముంగట పట్టుకొని లెక్కవెట్టేటోడు.
మేం ఎనిమిది నిమిషాలకు వచ్చినం.

తొంభై ఎనిమిదిల రూలు మారింది,
ప్రతి టైరుకు గాడులుండాలెనని.
మామ లేవలేక లేచి, చాయ్ అందరికీ తన లెక్కల రాయించిండు.
"చూసిండ్రా? ఆఖరికి నా మాట విన్నరు!"
జోరు తగ్గించెతందుకు పెట్టిండ్రని నేను చెప్పిన.
"మరి నేనేం చెప్పిన ఇన్నేండ్లు?"

రోడ్డు నాలుగు వరసలయింది.
రేడియల్ టైర్లొచ్చినయి, ఆవిరి గుండం తుక్కు కిందవోయింది.
"ఫో" అని రాసిన అట్ట
కొన్నాళ్లు మా ఇంట్ల కోళ్లగూటికి తలుపయింది.

మొన్న కొర్లపహాడ్ టోల్‌గేటు కాడ
నా ముంగట తెల్ల కారు.
వెనక సీట్ల ఇద్దరు పిల్లలు, ఎడమ టైరు గుండు.
దిగి పోయి అద్దం కొట్టిన.
లోపలాయన నన్ను ఏమనుకున్నడో,
అద్దం దించలే.
చెయ్యి చూపిన, టైరు చూపిన.

గేటు లేసింది.